మొజంజాహీ మార్కెట్‌ను బజారుగానే ఉంచండి

హైదరాబాద్ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, రాష్ట్ర పురపాలక శాఖ అధికారులకు,

నమస్కారం.

2035లో మొజంజాహీ మార్కెట్‌కి నూరేళ్లు నిండుతాయి. ఇంకా టైముంది కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను. ఉత్సవానికి నెల ముందు ఎవరేం రాసినా మీ చేతిలో లైట్లు, స్టేజీ, ఫ్లెక్సీలు తప్ప ఇంకేం మిగలవు. నేను అడగబోయేది నెల రోజుల్లో అయ్యే పని కాదు.

మా నాయన డెబ్బైల్లో కాచిగూడ వైపు తోపుడు బండి మీద పండ్లు అమ్మేవాడు. సరుకంతా మొజంజాహీ మార్కెట్‌లోనే ఎత్తేవాడు. ఎండాకాలం సెలవుల్లో నన్ను కూడా వెంట తీసుకుపోయేవాడు. పొద్దు పొడవకముందే అక్కడ ఉండాలి. లోపల అడుగు పెట్టగానే ముందు తగిలేది వాసన. వరిగడ్డిలో మాగుతున్న మామిడి వాసన, తడిసిన గోనె సంచుల వాసన, రాతి నేల మీద నీళ్లు చల్లితే లేచే చల్లటి వాసన. నిద్రమొహంతో ఉన్న పిల్లాడికి కూడా ఆ వాసనకి కళ్లు తెరుచుకునేవి. హమాలీలు తల మీద గంపలతో "జరుగు జరుగు" అంటూ పరుగెత్తేవాళ్లు. అడ్తిదారు, కొనేవాడు ఎదురెదురుగా నిలబడి ఒక తువాలు కింద చేతులు కలిపేవాళ్లు. బేరమంతా వేళ్లతోనే. పైకి ఒక్క మాట వినపడేది కాదు. తువాలు తీసేసరికి ధర తెగిపోయి ఉండేది, గంప చేతులు మారి ఉండేది.

"పండును కండ్లతోని కొనొద్దు బిడ్డా, తొడిమ కాడ వాసన చూసి కొనాలె" అనేవాడు నాయన. ఒక్కో బేనిషాన్ మామిడినీ తొడిమ దగ్గర ముక్కుకు ఆనించి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగేవాడు. నచ్చితే పక్కన పెట్టేవాడు, నచ్చకపోతే అంతే నెమ్మదిగా గడ్డిలో పెట్టేసేవాడు. పండు తనది కాకపోయినా దెబ్బ తగలనిచ్చేవాడు కాదు. అంతా అయ్యాక బయటికొచ్చి తలెత్తి బురుజు మీది గడియారం చూసేవాడు. ఆయన చేతికి వాచీ ఉండేది కాదు. ఏడు కొట్టేలోపు బండి కాచిగూడ చేరాలి, లేకపోతే పొద్దుటి గిరాకీ పోతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ కట్టడాన్ని ఎలా చూడాలో నేను అక్కడే నేర్చుకున్నాను. ఫొటోలు తీసేవాళ్ల చూపు ముందు గుమ్మటాల మీదికి పోతుంది. నా చూపు నేల మీదికి పోతుంది. నీడ ఎంతవరకు వస్తోంది, బండి తిరగడానికి చోటుందా, గంప దించిన మనిషి ఒక్క నిమిషం వీపు ఆనించడానికి స్తంభం ఉందా అని చూస్తాను. దీన్ని కట్టినవాళ్లు కూడా అలాగే ఆలోచించి కట్టారని నేను నమ్ముతాను.

కథ 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరదతో మొదలవుతుంది. వేల ప్రాణాలు పోయాయి, బస్తీలకు బస్తీలే కొట్టుకుపోయాయి. ఆ దెబ్బ తర్వాత రెండు రకాల పనులు జరిగాయి. ఒకటి నీళ్లను ఆపడం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మొదలైన ఆ పని ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రూపంలో ఇప్పటికీ మన కళ్ల ముందుంది. రెండోది నగరాన్ని మళ్లీ అమర్చడం. దానికోసం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీల్లో రోడ్లు వెడల్పు చేయడం, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టడం, రోడ్డు పక్కన వరసగా దుకాణాలు లేపడం దాని పని. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో రాతి కమానుల కింద వరసగా కనపడే దుకాణాలు ఆ బోర్డు చలవే.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మొజం జా ఆ బోర్డుకు అధ్యక్షుడిగా పనిచేశారు. 1935లో పూర్తయిన ఈ మార్కెట్‌కి ఆయన పేరే పెట్టారు. ఆయన 'షాజీ' అనే కలం పేరుతో ఉర్దూలో కవిత్వం రాసిన మనిషి కూడా. ఆయన్ని పెళ్లాడి ఈ నగరానికి వచ్చిన నీలోఫర్ పేరు పసిపిల్లల ఆసుపత్రికి ఉంది. ఒకరి పేరు పండ్ల బజారుకు, ఇంకొకరి పేరు పిల్లల దవాఖానాకు. రాజమహళ్ల లోపలికి ఎన్నడూ పోని మాలాంటి ఇళ్లవాళ్లు ఈ రెండు పేర్లూ రోజూ పలుకుతారు. ఆటో ఎక్కి "మొజంజాహీ పోదాం" అంటే చాలు, ఎవరూ రెండో ప్రశ్న అడగరు.

ఇక కట్టడం సంగతి. నాలుగు వైపుల నుంచి రోడ్లు వచ్చి కలిసే చౌరస్తా అది. ఒక దారి ఆబిడ్స్‌కి, ఒకటి నాంపల్లి వైపు, ఒకటి అఫ్జల్‌గంజ్‌కి, ఒకటి జాంబాగ్ మీదుగా కోఠీకి. అలాంటి చోట స్థలం చదరంగా దొరకదు, కోణంగా ఉంటుంది. కట్టినవాళ్లు ఆ కోణాన్నే వాడుకున్నారు. మూల మీద గడియారం బురుజు లేపారు. అక్కడి నుంచి రెండు రోడ్ల వెంబడి రెండు రెక్కల్లా దుకాణాల వరసలు చాచారు. వాటి వెనక ఖాళీ ప్రాంగణం వదిలారు. వందకు పైగా దుకాణాలున్న బజారుకు ఇంతకంటే తెలివైన అమరిక నేను చూడలేదు. రోడ్డు వైపు మొహం పెట్టిన దుకాణాలకు దారినపోయే గిరాకీ, లోపలి ప్రాంగణంలో సరుకు దించుకునే సందడి. ఒకదాని పని ఇంకొకదానికి అడ్డం రాదు. ఎటు నుంచి వచ్చినవాడికైనా ముందు బురుజు కనపడుతుంది. ఊరు కొత్త అయినా మార్కెట్ ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు.

రాయి మన రాయే. గోల్కొండ కొండా, బంజారాహిల్స్ గుండ్లూ ఏ రాయితో ఉన్నాయో ఆ జాతి నల్లరాయే, దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్. చార్మినార్ అందమంతా సున్నపు గారలో ఉంటుంది. తీగలు, పువ్వులు, గూళ్లు అన్నీ గారలో తీర్చిన పనే. మొజంజాహీలో అందం రాతి చెక్కడంలోనే ఉంది. గార పూత లేదు, రంగు అక్కర్లేదు. ఒక రాయి పక్కన ఇంకో రాయి ఎంత దగ్గరగా కూర్చుందో చూస్తే చాలు, చెక్కినవాళ్ల చేయి తెలుస్తుంది. కుతుబ్‌షాహీల కాలం నుంచి మనకు అలవాటైన కొస తేలిన కమాను, ఇస్లామీ గుమ్మటం, దాని పక్కనే యూరప్ పద్ధతి గడియారం. చార్మినార్‌కి 1889లో గడియారాలు పెట్టారు, మహబూబ్ చౌక్‌లో 1892లో గడియారం బురుజు కట్టారు. జేబు గడియారం కొనలేని జనానికి టైము చూపించడం అప్పటి పాలకులు తమ బాధ్యత అనుకున్నారు. మా నాయన లాంటివాళ్ల కోసమే ఆ గడియారం అంత ఎత్తున పెట్టారు.

లోపల పైకప్పు ఎత్తుగా ఉంటుంది. వేడి గాలి పైకి పోతుంది, కింద మనిషి నిలబడే చోట చల్లగా ఉంటుంది. బయటికి పొడుచుకొచ్చిన చూరు ఎండను, జల్లును ఆపుతుంది. మందపాటి రాతి గోడ రాత్రి చల్లదనాన్ని మధ్యాహ్నం దాకా పట్టుకుంటుంది. ఇంటింటా ఫ్రిజ్ లేని కాలంలో పండ్ల వ్యాపారికి ఆ చల్లదనమే సగం పెట్టుబడి. మే నెల ఎండలో ఒకసారి రోడ్డు మీది నుంచి కమాను కిందికి రండి, ఆ ఒక్క అడుగులో తేడా తెలుస్తుంది. కమానులు, చూరు, ఎత్తు పైకప్పు అన్నీ వ్యాపారానికి పనికొచ్చేలా పెట్టినవే. అందం ఆ పని వెంటే వచ్చింది.

1980ల్లో పండ్ల టోకు మార్కెట్‌ను గడ్డిఅన్నారం తరలించారు. లారీలు పెరిగాయి, నగరం నడిమధ్యలో ఆ రద్దీ తట్టుకోవడం కష్టమే, ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ తర్వాత ఏమైందో మీరు తెలుసుకోవాలి. ముఖ్యమైన వ్యాపారం పోగానే కట్టడాన్ని పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. రేకులు వచ్చాయి, బోర్డులు వచ్చాయి, వైర్లు వేలాడాయి, రాయి మీద మసి పేరుకుంది, సందుల్లో మొక్కలు మొలిచాయి. పాతికేళ్లు, ముప్పై ఏళ్లు అలాగే గడిచాయి. రాయి దానంతట అది పాడు కాలేదు. లోపల బేరం పలచబడింది కాబట్టి పాడైంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే.

2018లో అప్పటి పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి అరవింద్ కుమార్ ఈ మార్కెట్ బాగుచేసే బాధ్యత తన మీద వేసుకున్నారు. రేకులు, అడ్డదిడ్డం కట్టుబడులు తీయించి, రాయి శుభ్రం చేయించి, బోర్డులన్నీ ఒక తీరుగా పెట్టించి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. నేను తెరిచిన కొద్ది వారాలకు వెళ్లాను. కోవిడ్ రోజులు, మొహానికి మాస్కు, జనం పలచగా ఉన్నారు. బురుజు కింద నిలబడి తలెత్తి చూశాను. చిన్నప్పుడు కూడా నేను ఆ రాయి అసలు రంగు చూసినట్టు లేదు. నాయన ఉంటే బాగుండు అనిపించింది. ఆ పని చేసిన ప్రతి ఒక్కరికీ, పేరు ఎక్కడా రాయని మేస్త్రీలకూ కూలీలకూ నా దండం.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను.

మొట్టమొదటిది అద్దెల సంగతి. కట్టడం అందంగా తయారయ్యాక జనం వస్తారు, జనం వస్తే ఆ చోటికి గిరాకీ పెరుగుతుంది. ఏదో ఒక రోజు ఎవరో ఒక ఫైలు మీ టేబుల్ మీదికి తెస్తారు. ఇంత మంచి చోట దుకాణాలు పాత అద్దెలకు ఉన్నాయి, బహిరంగ వేలం వేస్తే ఆదాయం పదింతలవుతుంది అని అందులో ఉంటుంది. లెక్క ప్రకారం అది నిజమే కావచ్చు. కానీ వేలంలో ఎవరు గెలుస్తారో ఒకసారి ఆలోచించండి. అత్తరు సీసాలు అమ్మే ముసలాయన గెలవడు. హుక్కా గొట్టాలు, పొగాకు అమ్మే దుకాణం గెలవదు. డ్రైఫ్రూట్స్ తూచి ఇచ్చే మూడో తరం వ్యాపారి గెలవడు. ఏ మాల్‌లోనైనా దొరికే కాఫీ దుకాణం, సెల్‌ఫోన్ షోరూమ్ గెలుస్తాయి. ఐదేళ్లలో లోపల ఉన్నది బయట ఎక్కడైనా ఉన్నట్టే ఉంటుంది. అప్పుడు గిట్టుబాటు కాని రోజున ఆ కంపెనీలు తాళం వేసి పోతాయి. వాళ్లకి ఈ చోటుతో సంబంధం లేదు. మళ్లీ రేకులు, మళ్లీ మసి.

కాబట్టి నా మొదటి మనవి, దుకాణాల కేటాయింపు నిబంధనల్లో వ్యాపారం రకాన్ని రాయండి. ఇప్పుడున్నవాళ్లు తమ పని కొనసాగించినన్నాళ్లు, వాళ్ల పిల్లలు అదే పని ఎత్తుకున్నన్నాళ్లు కదిలించబోమని హామీ ఇవ్వండి. అద్దె పెంచాల్సి వస్తే పెంచండి, వ్యాపారులు కూడా కాదనరు. అది వాళ్ల వ్యాపారం మోయగలిగేంతే పెంచండి. ఏదైనా దుకాణం ఖాళీ అయితే ముందు పండ్లకు, పండ్లతో చేసే వాటికి, అత్తరుకు, చేతిపనివాళ్లకు ఇవ్వండి. ఎక్కువ ధర పలికినవాడికి ఇవ్వాలన్న రూలు మామూలు షాపింగ్ కాంప్లెక్సులకు సరిపోతుంది. నూరేళ్ల బజారుకు వేరే రూలు కావాలి.

ఐస్‌క్రీమ్ దుకాణాల గురించి చెప్పకుండా ఉండలేను. ఫేమస్, షా, గఫూర్. ప్రాంగణంలో కుర్చీలు వేసి ఉంటాయి, పెళ్లి షాపింగ్‌కి వచ్చిన కుటుంబాలు, కాలేజీ పిల్లలు, బేగంబజార్‌లో సామాను కొని అలసిపోయిన ఊళ్లవాళ్లు అక్కడ కూర్చుంటారు. చేత్తో తిప్పి చేసే ఐస్‌క్రీమ్ పద్ధతి తెలియని పిల్లలకు ఒకసారి చూపించాలి. పెద్ద బకెట్‌లో ఐస్‌గడ్డల ముక్కలు వేసి, మధ్యలో ఉప్పు చల్లుతారు. ఉప్పు తగిలితే ఐస్ కరుగుతూనే సున్నా డిగ్రీల కంటే కిందికి చల్లబడుతుంది. దాని మధ్యలో పాలూ పండు గుజ్జూ ఉన్న డబ్బా పెట్టి తిప్పుతూనే ఉంటారు. డబ్బా గోడకు పట్టిన పొరను గీకి మళ్లీ లోపలికి కలుపుతారు. చేయి నొప్పి పుట్టే పని అది. అందుకే ఆ ఐస్‌క్రీమ్‌లో సీతాఫలం నిజంగా సీతాఫలంలా ఉంటుంది, పంటి కింద పలుకు తగులుతుంది. పండ్ల మార్కెట్ ఇక్కడ ఉండబట్టే ఈ ఐస్‌క్రీమ్ ఇక్కడ పుట్టిందని నాకు అనిపిస్తుంది. టోకు వ్యాపారం గడ్డిఅన్నారం పోయినా దాని రుచి ఇక్కడ మిగిలిపోయింది. రోడ్డు అవతల కరాచీ బేకరీ కథ కూడా అలాంటిదే. దేశ విభజనలో సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నానీ 1953లో ఇక్కడే మొదలుపెట్టారు. జనం తిరిగే బజారు ఉంది కాబట్టి ఊరుగాని ఊరు నుంచి వచ్చిన మనిషి కూడా ఇక్కడ నిలదొక్కుకోగలిగాడు.

రెండో మనవి అగ్ని ప్రమాదాల గురించి. ఇది రాస్తుంటే నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. మద్రాసులో ఉన్న తెలుగువాళ్లని మూర్ మార్కెట్ గురించి అడగండి. 1900లో తెరిచిన ఎర్రటి అందమైన బజారు, సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉండేది. పాత పుస్తకాలకు దాన్ని మించిన చోటు లేదని మా మేనమామ చెప్పేవాడు. 1985 మే నెలలో కాలిపోయింది. ఇప్పుడు ఆ చోట సబర్బన్ రైల్వే స్టేషన్ భవనం ఉంది. కాలిపోయిన బజారు మళ్లీ లేవలేదు, అక్కడి పుస్తకాలవాళ్లు చెల్లాచెదురయ్యారు. రాయి కాలకపోవచ్చు. కానీ చెక్క తలుపులు, అల్మరాలు, అట్టపెట్టెలు, అత్తరు సీసాలు కాలతాయి. నిప్పుకు గ్రానైట్ పగులుతుంది కూడా. ప్రతి దుకాణం వైరింగ్‌నూ ఏడాదికి ఒకసారి మీ ఇంజినీరు స్వయంగా చూడాలి. గ్యాస్ సిలిండర్లు ఎక్కడ పెట్టాలో గీత గీసి చెప్పాలి. ఫైరింజన్ ప్రాంగణంలోకి రావడానికి దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, అక్కడ పార్కింగ్ అనే మాటే ఉండకూడదు.

మూడోది సున్నం. పాత రాతి గోడకు రాళ్ల మధ్య ఉండే సందు చాలా ముఖ్యం. గ్రానైట్ నీళ్లను దాదాపు పీల్చదు, వదలదు. గోడ లోపలికి చేరిన తేమ బయటికి పోవాలంటే ఆ సందులోని సున్నం గుండానే పోవాలి. సున్నం మెత్తగా ఉంటుంది, ఊపిరి తీసుకుంటుంది. ఎండకు రాయి సాగినా, చలికి ముడుచుకున్నా ఆ కదలికను అది భరిస్తుంది. దాని బదులు సిమెంటు పూస్తే సందు మూసుకుపోతుంది. తేమ లోపలే ఉండిపోతుంది, ఉప్పు పేరుకుంటుంది, కొన్నేళ్లకు రాతి అంచులు పొరలుగా లేస్తాయి. బాగుచేశామని అనుకున్న చోటే పాడవుతుంది. రావి మొక్కల సంగతీ అంతే. పైన తుంచేస్తే సరిపోదు, వేరు లోపల బతికే ఉంటుంది, వానాకాలం రాగానే మళ్లీ మొలిచి రాళ్లను ఇంకాస్త ఎడం చేస్తుంది. మొక్క చిటికెన వేలంత ఉన్నప్పుడే వేరుతో సహా తీసి ఆ సందును సున్నంతో నింపాలి.

దీనికి కోట్లు అక్కర్లేదు. సున్నం పని తెలిసిన ఇద్దరు మేస్త్రీలను ఏడాది పొడుగునా జీతం మీద పెట్టండి. వానలకు ముందు ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి వాళ్లు పైకప్పంతా నడిచి, గుమ్మటాల చుట్టూ చూసి, ఏ సందు ఖాళీ అయిందో రాసుకుని నింపాలి. మన దగ్గర పదేళ్లకొకసారి పెద్ద టెండరు వేసి, పెద్ద కాంట్రాక్టరును పిలిచి, మొత్తం కొత్తగా చేయించే అలవాటు ఉంది. పాత కట్టడానికి ఆ పద్ధతి మంచిది కాదు. రోజూ పళ్లు తోముకోకుండా పదేళ్లకోసారి డాక్టర్ దగ్గరికి పోతే పన్ను దక్కదు. ఆ ఇద్దరు మేస్త్రీల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకుంటే అది కూడా ఈ మార్కెట్ ఇచ్చిన వరమే. ఈ నగరంలో సున్నంతో కట్టిన కట్టడాలు ఇంకా చాలా ఉన్నాయి, చేసే చేతులే తగ్గిపోయాయి.

చట్టం గురించి కూడా ఒక మాట. హైదరాబాద్‌లో పాత కట్టడాలకు రక్షణ ఇచ్చిన 1981 నాటి జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధనను 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఇర్రంమంజిల్ అనే పాత మహల్‌ను కూల్చాలన్నప్పుడు హైకోర్టు అడ్డుపడింది. ఇవన్నీ చూసిన మాకు ఒకటి అర్థమైంది, కోర్టు దాకా పోకముందే కాపాడుకోవాలి. పైగా వారసత్వ చట్టాల చూపు సహజంగా గోడల మీద, గుమ్మటాల మీద ఉంటుంది. లోపల ఏ వ్యాపారం నడవాలో చూసుకోవాల్సింది మార్కెట్‌కు యజమాని అయిన మీరే. అందుకే ఈ ఉత్తరం కోర్టుకు రాయకుండా మీకు రాస్తున్నాను.

మిగిలినవి చిన్నవి, కానీ రోజూ వచ్చేవాళ్లకు చిన్నవి కావు. ఆ చౌరస్తాలో రోడ్డు దాటడం పెద్దవాళ్లకు భయం. గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వచ్చేవాళ్లున్నారు, వాళ్లకు నీడ ఉన్న ఫుట్‌పాత్, ఒక్క నిమిషం ఆగే సిగ్నల్ కావాలి. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. తాగే నీళ్లు కావాలి. హమాలీలు, ఆటోవాళ్లు కాసేపు కూర్చోవడానికి రాతి అరుగు కావాలి, ఇనుప బెంచీలు మేలో కూర్చోలేనంతగా కాలతాయి. గడియారాన్ని చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి, అది ఆయన ఉద్యోగమై ఉండాలి. తప్పు టైము చూపించే గడియారం కంటే ఆగిన గడియారం నయం అంటారు కానీ, మార్కెట్ బురుజు మీద రెండూ ఉండకూడదు.

బురుజు కింద ఒక రాతి పలక పెట్టండి. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో. ఎప్పుడు కట్టారు, ఎందుకు కట్టారు, ఏ పండ్లు అమ్మేవాళ్లు అని నాలుగు మాటలు చాలు. అనంత చతుర్దశి నాడు బాలాపూర్ నుంచి బయల్దేరిన గణేశ్ శోభాయాత్ర ఈ బురుజు ముందు నుంచే హుస్సేన్‌సాగర్‌కి పోతుంది. జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వచ్చే లక్షల మంది ఈ పక్క నుంచే పోతారు. ఇంతమంది కళ్ల ముందు ఉన్న కట్టడం తన కథ తాను చెప్పుకోలేకపోతే ఎలా?

ఆఖరి మనవి, 2035 గురించి. ఆ ఏడాది మామిడి కాలంలో, మే నెలలో, ఒక్క వారం పాటు మళ్లీ పండ్లను ఈ మార్కెట్‌కు రానివ్వండి. కొల్లాపూర్ రైతులను పిలవండి, జగిత్యాల రైతులను పిలవండి, నల్లగొండ బత్తాయి రైతులను కూడా పిలవండి. లారీలు వద్దు, చిన్న బండ్లలో రాత్రిపూట సరుకు రానివ్వండి. ప్రాంగణంలో వరిగడ్డి పరిచి గంపలు పెట్టించండి. తువాలు కింద బేరం చేయడం తెలిసిన పెద్దమనిషి ఒక్కరైనా అప్పటికి మిగిలి ఉంటే ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి పిల్లలకు నేర్పించమనండి. పొద్దున్నే ఐదింటికి తలుపులు తెరవండి. పండ్లు కొనాలనుకునేవాళ్లు తొడిమ దగ్గర వాసన చూసి కొనుక్కుంటారు.

వారం అయ్యాక ప్రాంగణం నిండా గడ్డి మిగులుతుంది. ఊడ్చేవాళ్ల జాబితాలో నా పేరు మొదట రాసుకోండి.

ఇట్లు,
మొజంజాహీ మార్కెట్‌లో సరుకు ఎత్తిన ఒక పండ్ల వ్యాపారి కొడుకు
కాచిగూడ, హైదరాబాద్